మా తాత కిక్రీ గోడకి వేలాడుతోంది, నేర్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

కిక్రీ_మనవడు | అక్టోబర్ 3, రాత్రి 10:41

అందరికీ రామ్ రామ్. ఇక్కడ ఇన్నాళ్ళూ చదవడమే, రాయడం ఇదే మొదలు. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మాది ఉట్నూరు వైపు చిన్న గూడెం. మేము తోటివాళ్ళం. నేను హైదరాబాద్‌లో ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేస్తుంటాను. మా తాత కిక్రీ వాయించేవాడు. చూడనివాళ్ళ కోసం చెప్తున్నా, చెక్కని తొలిచి, దానిమీద తోలు బిగించి, మూడు తీగలు కట్టి, కమానుతో వాయించే వాయిద్యం అది. తాత దాన్ని ఛాతీకి ఆనించుకుని కళ్ళు మూసుకునేవాడు. ఇక తెల్లారేదాకా కథ.

ఆయన పోయి పదకొండేళ్ళయింది. కిక్రీ పెద్దనాన్న ఇంట్లో మేకుకి వేలాడుతోంది. మొన్న సెలవులకి వెళ్తే తెలిసింది, ఎవరో హైదరాబాద్ నుంచి వచ్చి పదిహేను వేలిస్తామన్నారట. హాల్లో గోడకి పెట్టుకోవడానికి. "ఇక్కడా గోడకే ఉంది, అక్కడా గోడకే ఉంటది, మధ్యల మనకు పదిహేను వేలొస్తే తప్పేందిరా" అన్నాడు పెద్దనాన్న. నాకు నవ్వొచ్చింది. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

మా నాన్న ఎందుకు నేర్చుకోలేదో కూడా చెప్పాలి. చిన్నప్పుడు తాతతో కలిసి బస్సెక్కితే, కండక్టర్ భుజాన ఉన్న కిక్రీ చూసి "అడుక్కునేటోళ్ళు వెనక్కి పోండి" అన్నాడట. నాన్నకి అప్పుడు పన్నెండేళ్ళు. ఆ రోజు నుంచి ఆయన దాన్ని ముట్టుకోలేదు, మమ్మల్నీ ముట్టుకోనివ్వలేదు.

నా దగ్గర ఒక్క క్యాసెట్ ఉంది. ఒకవైపు తాత పాట, రెండోవైపు సినిమా పాటలు. నాకిప్పుడు ముప్పై రెండు. ఈ వయసులో వస్తుందా? ఎవరి దగ్గరికి వెళ్ళాలి? ముందు పెద్దనాన్నని ఏం చెప్పి ఆపాలి?

గోదావరి_గట్టు | అక్టోబర్ 3, రాత్రి 11:20

తప్పుగా అనుకోకండి, మా వైపు తోటి అంటే ఊళ్ళో కబుర్లు మోసే ఉద్యోగం. కరణం, మునసబు, తలారి, తోటి అని మా తాతగారు చెప్పేవారు. మీరూ వాళ్ళూ ఒకటేనా?

ఉట్నూరు_టీచర్ | అక్టోబర్ 4, ఉదయం 6:15

కాదండీ. మాట ఒకటే, మనుషులు వేరు. ఈ పోలిక వల్ల ఆఫీసుల్లో సర్టిఫికెట్ల దగ్గర ఈ పిల్లలు పడే బాధ నేను చూశాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

ఆదిలాబాద్ అడవుల్లో రాజ్‌గోండులకి నాలుగు 'సగా'లు, అంటే వంశాల గుంపులు, ఉంటాయి. నాలుగు దేవతలవాళ్ళు, ఐదు, ఆరు, ఏడు దేవతలవాళ్ళు అంటాం. ఒక్కో వంశానికి దాని దేవుడెవరు, పూర్వీకులు ఎక్కడి నుంచి వచ్చారు, ఎవరితో వియ్యం కుదురుతుంది, ఎవరితో కుదరదు అన్నదంతా కథలోనే ఉంటుంది. గుహలో చిక్కుకున్న దేవతలు ఎలా బయటపడ్డారో, వాళ్ళ ఆదిగురువు పహండి కుపార్ లింగాల్ ఏం చేశాడో, జంగుబాయి దేవత ఎవరో కూడా అందులోనే. కెరమెరి మండలం మహారాజ్‌గూడ దగ్గర జంగుబాయి గుహకి పుష్యమాసంలో జనం ఇప్పటికీ వెళ్తారు. ఆ కథ పాడే హక్కు, పాడాల్సిన బాధ్యత ప్రధాన్‌లదీ తోటివాళ్ళదీ. పెళ్ళికి, చావుకి, వంశ దేవుడు పెర్సాపేన్ పూజకి వాళ్ళు రాకపోతే పని పూర్తయినట్టు కాదు. తోటి ఆడవాళ్ళయితే పచ్చబొట్లు పొడిచేవాళ్ళు. వీళ్ళు మొత్తం కలిపి కొద్ది వేల మందే. ప్రభుత్వం పీవీటీజీ, అంటే మరీ బలహీనమైన గిరిజన తెగల జాబితాలో పెట్టింది.

బాబూ, నీ క్యాసెట్‌ని దొరికిన టేప్‌రికార్డర్‌లో పెట్టి వినకు. పాత రీలు ఒక్కసారి చుట్టుకుందంటే అంతే. ముందు కంప్యూటర్‌లోకి ఎక్కించు.

ఇంకొకటి. నార్నూర్ మండలం గుంజాలలో 2006లో గోండి లిపి రాతప్రతులు బయటపడ్డాయి తెలుసు కదా. ఆచార్య జయధీర్ తిరుమలరావు గారు వాటిమీద పనిచేశారు, 2018లో ఆ లిపి యూనికోడ్‌లోకీ వచ్చింది. మీ తాత పాటని ఆ లిపిలో రాయించు. నేను చూసి పెడతాను.

డాలస్_రావు | అక్టోబర్ 4, ఉదయం 8:02

బ్రదర్, చదివి కదిలిపోయాను. వెంటనే యూట్యూబ్ ఛానెల్ పెట్టండి. పది నిమిషాల వీడియోలు, కింద తెలుగులో సబ్‌టైటిల్స్. ఇక్కడ మా తెలుగువాళ్ళ సభలకి ఏటా కూచిపూడీ సినిమా డాన్సులూ తప్ప కొత్తది ఉండదు, మీలాంటివాళ్ళని పిలిస్తే ఎంత బాగుంటుంది. డబ్బు విషయం మాకు వదిలేయండి.

డోల్_దెబ్బ | అక్టోబర్ 4, మధ్యాహ్నం 1:30

రావు గారూ, మీ మనసు మంచిదే. కానీ ఆ పది నిమిషాల సంగతి నాకు తెలుసు.

మేము ప్రధాన్‌లం. ఇంట్లో మాట్లాడేది మరాఠీ, కిక్రీ పట్టుకుంటే పాడేది గోండి. ఎందుకలా అని మా పిల్లలు అడిగితే, "ఇల్లు మనది, పాట వాళ్ళది" అంటాను. నాలుగేళ్ళ కింద ఒక పెద్ద ఉత్సవానికి పిలిచారు. ఏడు నిమిషాలు ఇచ్చారు. మా కథలో దేవుళ్ళని పేరు పేరునా పిలవడానికే అరగంట పడుతుంది. "పిలుపులు తీసేసి నేరుగా కథలోకి వెళ్ళండి" అన్నాడు మైకు దగ్గర అబ్బాయి. పిలవకుండా కథ ఎట్లా చెప్తాం? దేవుడు రాకుండానే పూజ చేసినట్టు ఉంటది. చివరికి మా వెనక నెమలి పింఛాల కిరీటాలు పెట్టి పదిమంది పిల్లల్ని గుస్సాడీ ఆడించారు. అది దీపావళికి వచ్చే దండారి పండగ నెలా కాదు, మా దేవుడు ఏత్మాసూర్ పేన్‌కి మొక్కిందీ లేదు. దండారి రోజుల్లో ఆ వేషం కట్టినవాడు ముగిసేదాకా స్నానం కూడా చేయడు. అక్కడ మేకప్ వేసి, ఆట అయ్యాక సబ్బుతో కడిగేశారు.

పేపర్లో ఫొటో మాత్రం బాగా వచ్చింది.

డాలస్_రావు | అక్టోబర్ 4, రాత్రి 7:48

అర్థమైంది అన్నా. నేను మళ్ళీ సలహా ఇవ్వను, చదువుతాను.

(ఒక్క సందేహం. మార్లవాయి కనకరాజు గారు గుస్సాడీని స్టేజీ మీద ఆడించేవారు కదా? 2021లో పద్మశ్రీ కూడా వచ్చింది.)

డోల్_దెబ్బ | అక్టోబర్ 4, రాత్రి 9:10

ఆయన సంగతి వేరు తమ్మీ. బయట ఎక్కడ ఆడించినా ఊళ్ళో దండారి మానలేదు, కుర్రాళ్ళకి నేర్పడం మానలేదు. ముందు ఊళ్ళో ఆట ఉంది, తర్వాతే స్టేజీ. 2024 అక్టోబర్‌లో పోయారు, దీపావళికి ముందే. నేను స్టేజీ వద్దనట్లేదు, స్టేజీ ఒక్కటే మిగిలితే ఎట్లా అంటున్నా.

మైనపుతీగ | అక్టోబర్ 5, ఉదయం 10:05

అమ్మకం మాట వచ్చింది కాబట్టి నా సంగతి చెప్తా. మేము ఓజాలం. జైనూర్ మండలం ఉషేగాం, కెరమెరి మండలం కేస్లాగూడ, ఈ రెండు ఊళ్ళలోనే మా ఇళ్ళు ఎక్కువ. 2018లో మా ఇత్తడి పనికి ఆదిలాబాద్ డోక్రా అని జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది.

పని ఎట్లా ఉంటుందంటే, ముందు మట్టితో లోపలి ముద్ద చేస్తాం. తేనెమైనంలో గుగ్గిలం కలిపి కాచి, సేమ్యాల్లాగా సన్నటి తీగలు లాగి ఆ ముద్దకి చుడతాం. నా పేరు అక్కడిదే. చుట్టేటప్పుడు వేళ్ళు చల్లగా ఉండాలి, ఎండాకాలం అయితే అమ్మ ముంతలో నీళ్ళు పక్కన పెట్టుకుని మాటిమాటికీ వేళ్ళు ముంచేది. దానిమీద మళ్ళీ మట్టి పూసి, ఎండబెట్టి, కాల్చితే మైనం కరిగి బయటికి పోతుంది. ఆ ఖాళీలో కరిగిన ఇత్తడి పోస్తాం. అచ్చు పగలగొట్టాల్సిందే, రెండోసారి పనికిరాదు.

ఒకప్పుడు మా తాతలు చేసింది గోండులకి దేవుళ్ళు, గంటలు, గజ్జెలు, దీపాలు. ఇప్పుడు నేను చేసేదాంట్లో ఎక్కువ భాగం షోకేసుల్లోకి వెళ్ళే నెమళ్ళు, ఏనుగులు. కొందరు దీన్ని తప్పుపడతారు. కానీ ఆ నెమళ్ళ డబ్బుతోనే మా చెల్లి నర్సింగ్ చదివింది. ఆ నెమళ్ళు చేయబట్టే నా చెయ్యి పోలేదు. ఏడాదికి ఒకటో రెండో ఇళ్ళ నుంచి దేవుడి పని వస్తుంది. అది చేసే రోజు నాన్న ఉపవాసం ఉంటాడు. షోకేసు నెమలికి ఉండడు. మాకు ఆ తేడా తెలుసు, అది చాలు నాకు.

కాబట్టి తమ్ముడూ, అమ్మడం పాపం కాదు. కానీ నేను అమ్మేది నేను చేసిన వస్తువు, మళ్ళీ చేయగలను. మీ పెద్దనాన్న అమ్మేది మళ్ళీ చేయగలడా?

కిక్రీ_మనవడు | అక్టోబర్ 5, రాత్రి 11:15

అక్కా, మీ ఆఖరి మాట యథాతథంగా పెద్దనాన్నకి ఫోన్లో చదివి వినిపించాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఆ అమ్మాయిది ఏ ఊరు" అని అడిగాడు. బేరం దీపావళి దాకా ఆగింది.

పాతపుస్తకాల_షెల్ఫ్ | అక్టోబర్ 7, సాయంత్రం 5:33

కిక్రీ అనగానే నాకు మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్ గుర్తొచ్చింది. అక్కడి ప్రధాన్ గోండులదీ ఇదే వృత్తి. వాళ్ళ వాయిద్యాన్ని బానా అంటారు, దానికీ మూడు తీగలే. ఏడుగురు అన్నదమ్ముల్లో చిన్నవాడు సాజా చెట్టు కింద బానా వాయించి వాళ్ళ పెద్ద దేవుడు బడాదేవ్‌ని మేల్కొలిపాడని వాళ్ళ కథ.

అక్కడా మీకు జరిగిందే జరిగింది. పాట పాడించుకుని వాటా ఇచ్చే దాతల ఇళ్ళు పేదవయ్యాయి, పాట వినేవాళ్ళు తగ్గారు. 1981లో భోపాల్‌లోని కళాకేంద్రం భారత్ భవన్ కోసం చిత్రకారుడు జె. స్వామినాథన్ పంపిన బృందం ఆ ఊరు వెళ్ళి ఒక గోడ మీద బొమ్మ చూసింది. వేసినవాడు జన్‌గఢ్ సింగ్ శ్యామ్, ఇరవై ఏళ్ళ కుర్రాడు. భోపాల్ తీసుకెళ్ళి కాగితం, రంగులు ఇచ్చారు. అప్పటిదాకా పాటలో మాత్రమే ఉన్న దేవుళ్ళకి అతను కాగితం మీద రూపం ఇచ్చాడు, చుక్కలు చుక్కలుగా. 1989లో పారిస్‌లో పెద్ద ప్రదర్శన దాకా వెళ్ళాడు. అతని వెనకే చుట్టాలూ, ఊరివాళ్ళూ బొమ్మల్లోకి వచ్చారు. భజ్జూ శ్యామ్‌కి 2018లో, దుర్గాబాయి వ్యామ్‌కి 2022లో పద్మశ్రీ వచ్చింది. పాట పాడే వంశం ఒక్క తరంలో బొమ్మలేసే వంశమైంది.

నాకు ఇందులో నచ్చేది, అతను సంప్రదాయాన్ని కాపాడదామని కూర్చోలేదు. లోపల ఉన్న పాట బయటికి రావడానికి ఇంకో దారి వెతుక్కుంది. నువ్వు కూడా కిక్రీయే వాయించి తీరాలని లేదేమో ఆలోచించు.

డోల్_దెబ్బ | అక్టోబర్ 7, రాత్రి 8:50

జన్‌గఢ్ ఎలా పోయాడో కూడా రాయండి సార్.

పాతపుస్తకాల_షెల్ఫ్ | అక్టోబర్ 7, రాత్రి 9:25

రాయాల్సింది, తప్పించుకున్నాను. 2001లో జపాన్‌లో ఒక మ్యూజియంకి బొమ్మలు వేయడానికి వెళ్ళి అక్కడే ప్రాణం తీసుకున్నాడు. నలభై కూడా నిండలేదు. పేరు దేశాలు దాటింది, మనిషి మాత్రం తన మాట వినేవాళ్ళెవరూ లేని చోట ఒంటరిగా మిగిలాడు.

మన దగ్గరా చూడండి, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు మండలం కూనవరంలో సకిని రామచంద్రయ్య గారు ఉండేవారు. కోయల డోలి కళాకారుడు. సమ్మక్క సారలమ్మల కథ వంశవృక్షంతో సహా పాడేవారు. 2022లో పద్మశ్రీ. 2024లో పోయారు. ఆయనతో ఏవేం పోయాయో లెక్కపెట్టేవాళ్ళు కూడా ఉండరు.

జోడేఘాట్_దారి | అక్టోబర్ 8, ఉదయం 7:00

ఫాలో అవుతున్నా.

నెమలిపింఛం | అక్టోబర్ 9, రాత్రి 10:12

రెండు రోజులుగా రాద్దామా వద్దా అనుకుంటున్నాను. నేను గోండుని, ఐదు దేవతల ఇల్లు. అందరూ పాడేవాళ్ళ గురించే మాట్లాడుతున్నారు. పాడించుకునేవాళ్ళం మేము. మా గురించి ఎవరూ అడగలేదు.

మా ఇంటికి ఒక తోటి కుటుంబం వచ్చేది. పంట ఇంటికి రాగానే వాళ్ళ వాటా విడిగా గంపలో పోసి పెట్టేది అమ్మ. ఎవరైనా పోతే ఆ మనిషి బట్టలు, కంచం వాళ్ళకే. వాళ్ళు వచ్చి పాడితేగానీ పోయినవాళ్ళు పెద్దల్లో కలిసినట్టు కాదు. వాళ్ళు అడుక్కోడానికి వచ్చేవాళ్ళు కాదు, తమ వాటా తీసుకోడానికి వచ్చేవాళ్ళు. బస్సులో కండక్టర్‌కి అది తెలియకపోవచ్చు. కానీ మాకు తెలిసి కూడా ఏం చేశాం?

జొన్న పోయి పత్తి వచ్చింది. పత్తి గంపలో కొలిచి ఇచ్చేది కాదు కదా. అప్పుకి పోగా చేతిలో మిగిలే నోట్లలోంచి ఐదొందలు తీసిస్తే, ఇచ్చే మాకూ చిన్నతనం, తీసుకునే వాళ్ళకీ చిన్నతనం. క్రమంగా వాళ్ళు రావడం తగ్గించారు, మేము పిలవడం మానేశాం. మా నాన్న దినానికి నేనేం చేశానో తెలుసా? ఎవరో పాడిన రికార్డింగ్ ఫోన్‌లో పెట్టి, బ్లూటూత్ స్పీకర్‌లో వినిపించాను. అది మా వంశం కథ కూడా కాదు, వేరే సగాది. అమ్మ లోపలి నుంచి వచ్చి ఆపేసింది.

తమ్ముడూ, మీ తాత ఏ ఇళ్ళకి పాడేవాడో కనుక్కో. నేర్పే గురువు కంటే ముందు ఆ ఇల్లు దొరకాలి.

కిక్రీ_మనవడు | అక్టోబర్ 10, అర్ధరాత్రి 12:30

అన్నా, ఇది నేను అసలు ఆలోచించలేదు. నేను కిక్రీ గురించే అనుకుంటున్నా. మీ ఊరు ఏదో ప్రైవేట్ మెసేజ్‌లో చెప్తారా?

వేదిక_నిర్వాహకుడు | అక్టోబర్ 10, ఉదయం 9:00

ఇంటిపేర్లు, ఊళ్ళు, ఫోన్ నంబర్లు దయచేసి ఇక్కడ రాయకండి. కిక్రీ కొంటామని మెసేజ్‌లు పెడుతున్న ఇద్దరి ఖాతాలు ఆపాం.

కిక్రీ_మనవడు | నవంబర్ 9, రాత్రి 9:47

నెల రోజులు కనపడలేదు, క్షమించండి. చెప్పాల్సింది చాలా ఉంది.

ముందు నిరాశ పరిచే సంగతి. నెమలిపింఛం అన్న ఇల్లు, మా తాత పాడిన ఇల్లు ఒకటి కాదు. సినిమా అయితే అయ్యేదేమో. కానీ ఆయనే నలుగురిని అడిగి మా దాతల ఇల్లు కనుక్కున్నాడు. దండారి రోజుల్లో వెళ్ళాం. పెద్దనాన్న కూడా వచ్చాడు, నేను పిలవకుండానే, కొత్త తువ్వాలు భుజాన వేసుకుని. కిక్రీ మాత్రం తీసుకురాలేదు. "తీగలు లేకుండా ఏ మొహంతో తీసుకపోతం" అన్నాడు.

ఆ ఇంట్లో కుర్రాళ్ళకి మేమెవరమో తెలియదు. నాయనమ్మ ఒకామె ఉంది, ఎనభై దాటి ఉంటాయి, కళ్ళు సరిగా కనపడవు. టీచర్ గారి మాట ప్రకారం క్యాసెట్‌ని ఫోన్లోకి ఎక్కించాను కదా, అది పెట్టాను. మొదటి నిమిషం చప్పుడు తప్ప ఏం లేదు. తర్వాత తాత గొంతు వచ్చింది. ఆమె తల ఎత్తింది. తాత ఏదో పేరు దగ్గర దగ్గాడు, క్యాసెట్‌లో ఆ దగ్గు ఉంది, పేరు మింగేశాడు. నాకు ఇన్నేళ్ళూ అక్కడ ఏముందో తెలియదు. ఆమె ఆ ఖాళీలో పేరు చెప్పేసింది. మళ్ళీ ఇంకో చోట రీలు నలిగి మాట పోయింది, అక్కడా అందుకుంది. ఆమె ఎప్పుడూ పాడలేదట, ఆడవాళ్ళు పాడరు కదా అంది. కానీ యాభై ఏళ్ళు విన్నది. ఆ రాత్రి అలా పదహారు చోట్ల అందుకుంది, నేను గీతలు పెట్టుకుంటూ లెక్కపెట్టాను.

ఇన్నాళ్ళూ తాతతోనే కథ పోయిందనుకున్నాం. సగం ఇక్కడ ఈమె దగ్గర ఉండిపోయింది.

వచ్చేటప్పుడు ఆమె కోడలు చేటలో బియ్యం తెచ్చింది. పెద్దనాన్న చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "పాడలేదు కదమ్మా" అన్నాడు. "ఎప్పుడు పాడతరు మరి" అని ఆమె అడిగింది. ఇద్దరం నేల చూశాం.

డోల్_దెబ్బ | నవంబర్ 9, రాత్రి 10:30

ఏడిపించావు తమ్మీ. వాయిద్యం పట్టుకుని ఇటు రా. నీది తోటి బాణీ, నాది ప్రధాన్ బాణీ, కథ నడక కొంచెం తేడా ఉంటది. చెయ్యి తిప్పడం నేను నేర్పుతా, పాట క్యాసెట్ దగ్గర, ఆ అవ్వ దగ్గర నేర్చుకో. నా పాట నీకు ఇయ్యను. నా దాతలకి నేను ఏం సమాధానం చెప్పాలి?

ఉట్నూరు_టీచర్ | నవంబర్ 10, ఉదయం 6:05

ఆ పదహారు మాటలూ వెంటనే రాసి పంపు. ఆవిడ చెప్పింది చెప్పినట్టు, నువ్వు సరిచేయకు.

పాతపుస్తకాల_షెల్ఫ్ | నవంబర్ 10, ఉదయం 11:40

కిక్రీయే వాయించాలని లేదు అని రాసిన నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. బొమ్మ ఎవరు చూసినా చూడకపోయినా బొమ్మే. ఇది అలా కాదని ఇప్పుడు తెలిసింది.

కిక్రీ_మనవడు | డిసెంబర్ 28, రాత్రి 10:20

అప్‌డేట్. ఐదు ఆదివారాలు అన్న దగ్గరికి వెళ్ళొచ్చాను. మొదటిరోజు వచ్చిన చప్పుడు కంప్రెసర్ పోయిన ఏసీలా ఉంది, నా వృత్తికి తగ్గట్టు. ఇప్పుడు మొదటి పిలుపు వరకు వస్తోంది. ఎడమచేతి వేళ్ళు కాయలు కాచాయి. రాగి పైపు వంచడం కంటే ఇదే కష్టం.

నాన్నకి చెప్పలేదు. కానీ మొన్న గదిలో వాయిస్తుంటే, బయట నుంచి "ఆ రెండో తీగ ఇంకొంచెం బిగించు" అన్నాడు. ముట్టుకోని మనిషికి రెండో తీగ సంగతి ఎట్లా తెలుసో నేను అడగలేదు.

పెద్దనాన్న గోడకి ఆ మేకు అలాగే ఉంది. దానికి ఇప్పుడు తన టోపీ తగిలిస్తున్నాడు. ఆ కొనేవాళ్ళు మళ్ళీ ఫోన్ చేస్తే "మనవడు తీసుకపోయిండు" అన్నాడట.

ఒక సమస్య. కమాను తీగల మీద పట్టు లేక జారిపోతోంది. ఏం రాయాలి?

డోల్_దెబ్బ | డిసెంబర్ 28, రాత్రి 10:44

గుగ్గిలం రాయాలిరా. పోయినవారమే చెప్పిన కదా.

మైనపుతీగ | డిసెంబర్ 29, ఉదయం 7:30

గుగ్గిలం మా ఇంట్లో డబ్బాల కొద్దీ ఉంటుంది. కేస్లాపూర్ నాగోబా జాతరలో మా స్టాల్ పెడుతున్నాం, వచ్చి తీసుకెళ్ళు. డబ్బులొద్దు, మా ఫ్రిజ్ గ్యాస్ పోయింది, అది చూసి పెట్టు.